కోడలి లోన్, వెంకటరాజు గారి పామ్‌లు

ఆగస్టు 4, సోమవారం

సీటొచ్చింది! మా కోడలికి సీటొచ్చింది! ఎం.ఎస్సీ నర్సింగ్, వైజాగ్‌లో!

పొద్దున్న ఏడున్నరకి క్రిస్టినా రాజమండ్రి హాస్పిటల్లో డ్యూటీ దిగి బస్సులో వచ్చింది. నేను నర్సరీలో గులాబీలకి నీళ్ళు కొడుతున్నాను. గేటు దగ్గర నుంచే "అత్తయ్యా, ఫోన్ చూడండి" అంది. నా చేతుల నిండా మట్టి. "నువ్వే చదివెయ్" అన్నాను. చదివింది. పైపు కింద పడేసి గట్టిగా పట్టేసుకున్నాను. తెల్ల యూనిఫామంతా బురదే. ఆ పైపు ఎటో తిరిగి మా ఆయన యెహెజ్కేలు గారిని తడిపేసింది. మామిడి అంటు కడుతూ కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే తడిసి, "వానేనా?" అన్నారు. అంతే. మళ్ళీ అంటు కట్టుకున్నారు.

ఫీజు, హాస్టల్ కలిపి రెండేళ్ళకి అయిదు లక్షలు. అందులో మొదటి ఏడాది రెండున్నర ఈ నెల 20వ తారీకు లోపు కట్టాలి. కట్టకపోతే సీటు లిస్టులో తర్వాతున్న వాళ్ళకి పోతుంది. ఉన్నవి పదహారు రోజులు. చాలు! బ్యాంకులున్నది దేనికి?

ఎందుకు చదివిస్తున్నానంటే, పాసైతే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వస్తుంది, ఇప్పుడొచ్చే పద్నాలుగు వేలు కాస్తా నలభై అవుతాయి. అంతే. వేరే ఏమీ లేదు.

ఆగస్టు 5, మంగళవారం

బ్యాంకుకి వెళ్ళాం. లోన్లు చూసే ఆయన పేరు ఉదయభాస్కర్ గారు. కుర్రాడే కానీ కళ్ళద్దాలు కిందికి లాగి చూస్తే మా లెక్కల మాస్టారిలా ఉన్నాడు.

"అమ్మాయి తల్లిదండ్రులొచ్చారాండి?"

"వాళ్ళ నాన్నగారు లేరండి. వాళ్ళమ్మ తునిలో పెద్దకూతురి దగ్గరుంటుంది, ఆవిడకి రాబడేం లేదండి."

"మరి భర్త?"

"మా అబ్బాయి విజయ్ పాల్ అండి. మొక్కల లారీ తోలతాడు. పూణే వెళ్ళాడండి."

"వచ్చాక తీసుకురండి. సంతకం కావాలి."

"అట్నుంచటే సూరత్ వెళ్తాడండి."

"తర్వాతైనా వస్తారుగా?"

"సూరత్ నుంచి ఎటెళ్తాడో వాడికే తెలీదండి."

క్రిస్టినా నేల చూపులు చూస్తోంది. ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అత్తగారు పెట్టినా పర్లేదు లెండి. కానీ అయిదు లక్షలంటే మీ వ్యాపారం చూసి రిపోర్టు రాయాలి. సోమవారం వస్తాను" అన్నారు.

అత్తగారు పెట్టినా పర్లేదంట! ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆగస్టు 6

విజయ్ పాల్ ఫోన్ చేశాడు. లోడ్ బాగానే దిగిందట. సీటు సంగతి చెబుదామనుకునేలోపు సిగ్నల్ పోయింది.

క్రిస్టినా ముందే చెప్పిందట. "ఎవర్నడిగి?" అన్నాడట. డ్రైవింగులో అలిసిపోయి ఉంటాడు.

ఆగస్టు 7, గురువారం

ఇవాళ నా నర్సరీని బ్యాంకు వాడి కళ్ళతో చూశాను. అరెకరం, అదీ కౌలుది. గులాబీలు, మందారాలు, నూరువరహాలు, మా ఆయన కట్టిన మామిడి, సపోటా అంట్లు. వానలు పడ్డాక జనం కొనుక్కుపోయి మధ్య మధ్య ఖాళీలు. పళ్ళూడిన నోరులా ఉంది.

పక్కనే వెంకటరాజు గారి నర్సరీ. నాలుగెకరాలు. రోడ్డు మీదకి రాయల్ పామ్ చెట్లు పెద్ద కవర్లలో వరసగా, సైనికుల్లా.

అప్పుడు తట్టింది! మన కడియం నర్సరీల్లో పెద్ద ఆర్డరొస్తే ఎవరి దగ్గర మాత్రం అన్ని మొక్కలుంటాయి? పక్క మడిలోంచి తెస్తాం, లోడ్ నింపుతాం, తర్వాత సర్దుకుంటాం. ఎవరి మొక్కలని కొనే పార్టీ అడగడు, మేం చెప్పం. ముప్పై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాం. అది అబద్ధం కాదు కదా. బ్యాంకు మాత్రం పార్టీ కాదా?

ఆగస్టు 10, ఆదివారం

చర్చి నుంచి రాగానే చీర కూడా మార్చుకోకుండా వెంకటరాజు గారి దగ్గరికి వెళ్ళి పామ్‌లు అప్పడిగాను.

"ఏంటి బేబమ్మా, నా పామ్‌లతో పెళ్ళి పందిరేస్తావా?" అన్నారు.

"ఒక పెద్ద పార్టీ చూడ్డానికి వస్తున్నారండి."

"ఏ ఊరు పార్టీ?"

"బ్యాంకండి."

ఆయన నవ్వి నవ్వి దగ్గొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "కోడలి కోసమా? నా కోడలికి నేను ఫోన్ కొనిపెడితేనే మా ఇంట్లో వారం రోజులు గొడవ. నువ్వు అయిదు లక్షలు అప్పు చేస్తున్నావా!"

"చదువుకండి."

"చదివాక మీ ఇంట్లోనే ఉంటుందంటావా?"

"పామ్‌లిస్తారా ఇవ్వరా?"

ఇచ్చారు. అరవై! ఒక్కోటీ రెండు నిలువుల ఎత్తు. "రెండ్రోజులే బేబమ్మా, మంగళవారం హైదరాబాద్ లారీ వస్తుంది" అన్నారు. ట్రాక్టర్ మీద ఆరు ట్రిప్పులు. మొత్తం దింపేసరికి మా మడి మడిలా లేదు, హోటల్ ముందు తోటలా ఉంది! ఎంత బాగుందో! ఖాళీలే లేవు.

మా ఆయన చుట్టూ తిరిగి చూసొచ్చి, "వీటికి రేపు నీళ్ళు మనమే పొయ్యాలా?" అన్నారు.

ఆగస్టు 11, సోమవారం

సూపర్! సూపర్! సూపర్!

ఉదయభాస్కర్ గారు పదకొండింటికి బైక్ మీద వచ్చారు. గేటు దాటి రెండడుగులేసి ఆగిపోయారు. "ఇంత ఉందని చెప్పలేదేంటండి?" అన్నారు. నేను చిన్నగా నవ్వాను.

"ఈ పామ్ ఇంత ఎత్తు పెరగాలంటే ఎన్నాళ్ళండి?"

"ఆరేళ్ళండి."

"ఆరేళ్ళుగా పెంచుతున్నారా!"

"ఆయ్! పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకోవాలండి."

నేను పెంచానని అన్లేదు. చూసుకోవాలి అన్నాను. తర్వాత మా ఆయన వైపు తిరిగి "మీకు బాగా అనుభవం ఉందండి" అన్నారు. మా ఆయన "అంట్ల సంగతైతే తెలుసండి" అని చెప్పి, చాకు పట్టుకుని అటువైపు వెళ్ళిపోయారు. పనున్నట్టుంది.

ఆయన లెక్కపెట్టుకుని, ఫోటోలు తీసుకుని, రాసుకున్నారు. కొబ్బరి నీళ్ళు తాగారు. వెళ్తూ వెళ్తూ "ఇబ్బందేం ఉండదనుకుంటానండి" అన్నారు. క్రిస్టినా డ్యూటీలో ఉంది, ఫోన్ చేసి చెప్పాను. తను తీసుకెళ్ళాల్సిన ట్రంకు పెట్టె అటక మీంచి దింపి కడిగి ఎండలో పెట్టేశాను.

ఆగస్టు 12

హైదరాబాద్ లారీ వచ్చింది. పామ్‌లు నా మడిలోంచే ఎక్కించేశారు. మళ్ళీ బోసి. పోనీ, పనైపోయిందిగా.

ఆగస్టు 13, బుధవారం

ఫోన్! ఉదయభాస్కర్ గారు. మేనేజర్ గారు ఇంకో ఫోటో అడిగారట, మొక్కల మధ్య నేను నిలబడ్డది. శుక్ర, శని, ఆదివారాలు బ్యాంకుకి సెలవులు కాబట్టి రేపు పొద్దున్నే వస్తారట.

వెంకటరాజు గారి దగ్గరికి పరిగెత్తాను. పెద్ద పామ్‌లు ఇంక ఒక్కటి లేవు. మోకాలెత్తువే ఉన్నాయి.

కంగారు పడలేదు. ఆలోచించాను. అమ్మేశానని చెప్తాను! మొక్కలు పెంచేది అమ్మడానికే కదా, అల్మారాలో పెట్టుకోడానికా? అమ్ముడుపోయిందంటే వ్యాపారం బాగుందని అర్థం. ఇంకా మంచిదే. అసలు ఇదే బాగుంది!

ఆగస్టు 14, గురువారం

"పామ్‌లేవండీ?"

"అమ్మేశానండి!"

"అరవైకి అరవై?"

"హైదరాబాద్ పార్టీ అండి. ఒకేసారి ఎత్తుకుపోయారు."

ఆయన ముఖం వెలిగిపోయింది. పాపం నిజంగా సంతోషించాడు. "ఎంత పడిందండి?"

"నాలుగు వేల లెక్కనండి." వెంకటరాజు గారు అమ్మిన రేటు అదే. నేను ఆ ముక్క ఎందుకన్నానో నాకే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆయన ఫోన్‌లో లెక్క వేశారు. "రెండు లక్షల నలభై వేలు. కంగ్రాట్స్ అండి! ఇంకో పదివేలు కలిపితే మొదటి ఏడాది ఫీజు అయిపోయిందిగా. ఇంక లోన్ దేనికండి?"

నేను ఏమన్నాను? ఏమీ అనలేదు. నేను! ఏమీ అనలేదు!

"ఆ డబ్బు పడిన స్టేట్‌మెంట్ సోమవారం తీసుకురండి, అమౌంట్ తగ్గించి రాసేద్దాం. అనవసరంగా వడ్డీ దేనికి కట్టడం?" అని బైకెక్కారు. మంచివాడు. ఆ మంచితనానికే నాకు ఏడుపొచ్చింది.

డబ్బెక్కడుంది? వెంకటరాజు గారి అకౌంట్‌లో ఉంది. లేని డబ్బుకి స్టేట్‌మెంట్ ఎక్కడి నుంచి తేవాలి? తేకపోతే నేను దాచిపెట్టాననుకుంటారు. తేలేదని లోన్ ఆపేస్తే 20వ తారీకు దాటిపోతుంది.

మా ఆయన అన్నం తింటూ అడిగారు: "బేబీ, పామ్‌లు మనం అమ్మామా?"

"తినండి."

తిన్నారు.

ఆగస్టు 15

బాగానే ఉన్నాను. ఎండ కాస్తోంది. గులాబీలు పన్నెండు అమ్ముడుపోయాయి, మందారం ఆరు.

క్రిస్టినాకి తెలిసిపోయింది. వెంకటరాజు గారు రోడ్డు మీద ఆపి "మీ అత్తగారు నా పామ్‌లు భలే అమ్మిందమ్మా" అని నవ్వారట. తను నవ్వలేదు. వచ్చి నా ఎదురుగా మొక్కల కవర్ల మీదే కూర్చుంది.

"అత్తయ్యా, నేను పేషెంటుకి మందు ఇవ్వకుండా ఇచ్చానని చార్ట్‌లో రాశాననుకోండి. తర్వాత వచ్చే డాక్టర్ ఆ చార్ట్ చూసే కదా వైద్యం చేస్తాడు?"

"మొక్కలకీ మనుషులకీ పోలికేంటే? ఇక్కడెవరి ప్రాణం పోయింది?"

"ఆ రిపోర్ట్ మీద సంతకం పెట్టిందాయన. ఆయన ఉద్యోగం పోతే?"

ఆ మాట నాకు తట్టనే లేదు. నిజంగా తట్టలేదు.

"వద్దులెండి అత్తయ్యా. ఉద్యోగం ఉందిగా, చేసుకుంటాను. మీ అబ్బాయికి కూడా ఇష్టం లేదు."

సరే, రాసేస్తాను, ఇది నేనొక్కదాన్నే చదువుకునేది కదా. సిగ్నల్ లేకపోవడం కాదు. విజయ్ పాల్ సీటొచ్చిన రోజే నాకు ఫోన్‌లో చెప్పాడు: "నేను సంతకం పెట్టనమ్మా. రెండేళ్ళు వైజాగ్‌లో ఉంటే ఇంక ఇక్కడికి ఎందుకొస్తుంది?" వాడి భయం అది. పెళ్ళై రెండేళ్ళే అయింది. నా కొడుకు భయం నాకు తెలీదా?

ఇవాళ నేనే ఫోన్ చేశాను. "నువ్వు నెలకి ఇరవై రోజులు రోడ్డు మీద ఉంటావు. నువ్వు లేని ఇంట్లో తను ఎవరికి కాపలా కాయాలిరా?" అన్నాను. వాడు పెట్టేశాడు. ఈసారి సిగ్నల్ బాగానే ఉంది.

ఆగస్టు 16, శనివారం

క్రిస్టినాకి రాత్రి డ్యూటీ. పొద్దున్నే మన నర్సరీలో పనిచేసే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. అందులో ఆశాజ్యోతి వాళ్ళమ్మకి బీపీ. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్తోంది. ఆవిడ మర్చిపోయింది, మళ్ళీ చెప్పింది. మళ్ళీ మర్చిపోయింది. ఈసారి నల్ల కవర్‌లో రెండు గులకరాళ్ళు వేసి పొద్దున్న ఇది, సాయంత్రం ఇది అని చూపించింది. ఆరోసారికి ఆవిడే తిరిగి అప్పజెప్పింది. నేనైతే రెండోసారికే తిట్టేసేదాన్ని.

జీతం నలభై వేలు అని రాశాను కదా మొదటి రోజు. అదొక్కటే కాదు. దీన్ని పాఠం చెప్పకుండా ఆపితే పాపం తగులుతుంది.

"క్రిస్టినా, కూర్చో. ఉన్నదేంటో అదే చూపిద్దాం" అన్నాను. "మనకేముంది చెప్పు."

"రోజూ స్కానర్ మీద పడేది ఉంది కదా అత్తయ్యా."

"అదా? నలభయ్యీ ఎనభయ్యీ. చిల్లర."

"ఎంతో చూశారా ఎప్పుడైనా?"

ఎప్పుడు చూశాను? డబ్బు పడ్డట్టు డబ్బా అరుస్తుంది, నేను ఇంకో కవర్ కడతాను. లారీ లోడ్ పోతేనే వ్యాపారమని, గేటు దగ్గర బండి ఆపి కొనుక్కునేవాళ్ళది లెక్కలోది కాదని నా నమ్మకం. ఫోన్‌లోంచి మూడేళ్ళది తీయించి జిరాక్స్ షాపులో ప్రింట్ కొట్టించాం. నూట తొంభై పేజీలు! షాపు ముసలయ్య "ఇదేం పుస్తకం బేబమ్మా?" అన్నాడు. ఇద్దరం గుమ్మంలో కూర్చుని లెక్క కూడాం. కాదు, అది కూడింది, నేను మధ్యలో అరిచాను. నర్సరీ ఖర్చులు పోను ఏడాదికి మూడు లక్షల ఎనభై వేలు, ఎప్పటికప్పుడు ఇంటికి కరిగిపోయింది కానీ. గులాబీల మీద! నూరువరహాల మీద! మా ఆయన అంట్ల మీద!

"ఇదంతా మనదేనా?" అని నాలుగుసార్లు అడిగాను.

మా ఆయన అన్నారు, "నేను చెప్తూనే ఉన్నాను." ఎప్పుడు చెప్పారు?! ముప్పై ఏళ్ళలో ఎప్పుడు చెప్పారు!

ఆగస్టు 18, సోమవారం

ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. నిలబడి మొత్తం చెప్పేశాను. వెంకటరాజు గారు, ట్రాక్టర్, ఆరు ట్రిప్పులు, హైదరాబాద్, అన్నీ.

ఉదయభాస్కర్ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఫోటోలు మేనేజర్ గారికిచ్చేశానండి. ఆరేళ్ళుగా పెంచుతున్నారని నా చేత్తో రాశాను."

"తప్పేనండి. మా దగ్గర మొక్కలు అలా సర్దుకోవడం అలవాటండి..."

"నేను మొక్కలు కొనడానికి రాలేదు కదండీ."

అంతకంటే ఏం తిట్టాలి? "బయట కూర్చోండి" అన్నారు. కూర్చున్నాం. రెండు గంటల పది నిమిషాలు. ఆయన మేనేజర్ గదిలోకి మూడుసార్లు వెళ్ళారు. మూడోసారి తలుపు తెరిచి ఉంది, మేనేజర్ గొంతు బయటికి వినిపించింది. నా మూలంగా ఒక పిల్లాడు మాటలు పడుతుంటే నూట తొంభై పేజీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. క్రిస్టినా నా చెయ్యి పట్టుకుంది. నాడి చూస్తోందేమో.

పిలిచారు. పామ్‌ల మాట కొట్టేసి కొత్త రిపోర్టు రాశారట. స్టేట్‌మెంట్ ప్రతి పేజీ తిప్పారు. ఒకచోట ఆగి, "ఆదివారాలు మధ్యాహ్నం దాకా ఏమీ లేదేంటండి?" అన్నారు.

"చర్చికి వెళ్తామండి."

మొదటిసారి కొంచెం నవ్వారు. "ఇది ముందే తెస్తే సరిపోయేది కదండీ" అన్నారు. "నాలుగు లక్షల వరకూ అయితే ఇది చాలు. అయిదు కుదరదు. పై లక్ష రెండో ఏడాదిలోగా మీరే చూసుకోవాలి."

"చూసుకుంటామండి!"

"ఆగండి. ఇంకోటి అడగాలి." గొంతు తగ్గించారు. "భర్త సంతకం లేదు. రేపు వాళ్ళిద్దరి మధ్యా ఏదైనా తేడా వచ్చి, ఈ అమ్మాయి మీ ఇల్లొదిలి వెళ్ళిపోయిందనుకోండి. అప్పుడు కూడా వాయిదాలు మీ దగ్గరే వసూలు చేస్తాం. ఆలోచించుకునే పెడుతున్నారా?"

క్రిస్టినా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇన్ని రోజులూ వెంకటరాజు గారు అన్నా, విజయ్ పాల్ అన్నా నేను ఈ మాట మీదకి పోనే లేదు. ఇప్పుడు బల్లకవతల నుంచి అడుగుతుంటే ఎటు పోను?

భయమేసింది. రాస్తున్నా, భయమేసింది. కానీ నోరు ముందే లేచింది.

"వెళ్ళిపోతే ఎక్కడో ఒకచోట పాఠమైతే చెప్తుంది కదండీ. అప్పు దండగ కాదు. ఎక్కడ పెట్టాలి సంతకం?"

పదకొండు చోట్ల. ఏడో దగ్గర పెన్ను ఆగిపోయింది, ఆయన తన పెన్ను ఇచ్చారు.

బయటికొచ్చాక క్రిస్టినా ఏడ్చింది. "ఊరుకో, బస్సు పోతుంది" అన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

సాయంత్రం 4.12కి కాలేజీకి డబ్బు వెళ్ళింది! రసీదు వచ్చింది! పేరు, సీటు, అన్నీ! ఒకరోజు ముందే! నర్సరీ ఆడవాళ్ళందరికీ జిలేబీలు. వెంకటరాజు గారికి రెండు ఎక్కువ. "ఇంక నా పామ్‌ల జోలికి రాకమ్మా" అన్నారు, తింటూనే.

ఉదయభాస్కర్ గారికి ఒక మామిడి అంటు పంపిస్తే డబ్బు తీసుకుంటే గానీ తీసుకోనన్నారు. నూట ఇరవై, స్కానర్ మీద పడింది. లెక్కలోకే!

ఆగస్టు 20, బుధవారం

విజయ్ పాల్ వచ్చాడు. మధ్యాహ్నం లారీ రోడ్డు మీద ఆపి, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. రొయ్యలూ వంకాయా వండాను. క్రిస్టినా వడ్డించింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

"సంతకం పెట్టేశావా?" అన్నాడు నాతో.

"పదకొండు చోట్ల."

"రేపు ఏదన్నా అయితే?"

"బ్యాంకాయన కూడా అదే అడిగాడు. నువ్వూ ఆయనా కలిసి భయపడండి. తను శుక్రవారం చేరాలి."

వాడు పళ్ళెంలో రొయ్యలన్నీ ఒక పక్కకి జరిపాడు. నేనింకేమీ అనలేదు. ఈ నెలలో రెండోసారి! క్రిస్టినా మంచినీళ్ళ గ్లాసు వాడి ముందు పెట్టి, "హాస్టల్లో నెలకి రెండు ఆదివారాలు బయటికి పంపిస్తారట" అంది, గోడతో చెప్పినట్టు.

"ఏ రెండు?" అన్నాడు వాడు. అదీ గోడతోనే.

"రెండోది, నాలుగోది."

వాడు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. చెయ్యి కడుక్కుని వస్తూ గుమ్మం దగ్గరున్న ట్రంకు పెట్టెని కాలితో ఇలా జరిపి బరువు చూశాడు.

"ఇది బస్సులో ఎలా ఎక్కిస్తుంది?"

"ఏమోరా" అన్నాను.

తల గోక్కున్నాడు, చేతులు దులుపుకున్నాడు, లారీ వైపు చూశాడు. "శుక్రవారం వైజాగ్‌కి లోడేమైనా ఉందా అమ్మా?"

"ఉంది!" అన్నాను.

లేదు. వాడు స్నానానికి వెళ్ళగానే పెరట్లోకి పరిగెత్తి వెంకటరాజు గారికి ఫోన్ కొట్టాను. వైజాగ్‌లో మీకు తెలిసిన పార్టీలు ఎవరైనా సరే, శుక్రవారానికి మొక్కలు కావాలేమో కనుక్కోండి, అర్జెంటు అన్నాను.

"ఎన్ని మొక్కలు బేబమ్మా?" అన్నారు.

"ఒక్క గులాబీ అయినా చాలండి" అన్నాను.